ప్రెసిడెంట్‌కి జనవరి 20, కాంగ్రెస్‌కి జనవరి 3: ఈ 17 రోజుల తేడా ఎందుకు?

శ్రీకాకుళం_చిన్నోడు:
అందరికీ నమస్కారం. అమెరికాలో నవంబర్‌లో ఒకే రోజు ప్రెసిడెంట్‌కీ, హౌస్ (ప్రతినిధుల సభ) మొత్తానికీ, సెనేట్‌లో మూడో వంతుకీ ఓట్లు పడతాయి. గెలిచిన సభ్యుల పదవి జనవరి 3న మొదలవుతుంది, ప్రెసిడెంట్ పదవి మాత్రం జనవరి 20న. ఎన్నిక ఒకటే అయినప్పుడు తేదీలు రెండెందుకు? ప్రమాణ స్వీకారం స్టేజీ, ఊరేగింపు ఏర్పాట్ల కోసమేనా, లేక వెనక ఇంకేదైనా లెక్క ఉందా?

తేదీల_పిచ్చి:
లెక్కే ఉంది. స్టేజీకీ దీనికీ సంబంధం లేదు.

1933 దాకా ఇద్దరిదీ ఒకటే తేదీ, మార్చి 4. అసలు రాజ్యాంగంలో ఆ తేదీ లేదు. 1788 సెప్టెంబర్ 13న పాత కాన్ఫెడరేషన్ కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది: 1789 జనవరి మొదటి బుధవారం ఎలక్టర్ల (రాష్ట్రాల తరఫున ప్రెసిడెంట్‌కి ఓటేసేవాళ్ల) ఎంపిక, ఫిబ్రవరి మొదటి బుధవారం వాళ్లు ఓటు వెయ్యడం, మార్చి మొదటి బుధవారం కొత్త ప్రభుత్వం పని మొదలు. ఆ ఏడాది మార్చి మొదటి బుధవారం 4వ తారీఖున పడింది, అంతే. ఆ రోజు న్యూయార్క్‌కి చాలినంత మంది సభ్యులే రాలేదు. హౌస్‌కి కోరం ఏప్రిల్ 1న, సెనేట్‌కి ఏప్రిల్ 6న కుదిరింది. వాషింగ్టన్ ప్రమాణం చేసింది ఏప్రిల్ 30న. అయినా పదవీకాలం మార్చి 4 నుంచే లెక్కగట్టారు. 1792 చట్టంలో ప్రెసిడెంట్ నాలుగేళ్లు మార్చి 4న మొదలవుతాయని స్పష్టంగా రాసేశారు.

కాబట్టి "తేదీలు ఎందుకు వేరు" అనే ప్రశ్నకి జవాబు 1788లో దొరకదు, 20వ రాజ్యాంగ సవరణలో వెతకాలి. అది 1932 మార్చి 2న కాంగ్రెస్ దాటింది, 1933 జనవరి 23న ఆమోదం పూర్తయింది. దాని మొదటి సెక్షన్‌లోనే ఉంది: ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్ పదవులు జనవరి 20 మధ్యాహ్నం 12కి ముగుస్తాయి, సెనేటర్లు, ప్రతినిధులవి జనవరి 3 మధ్యాహ్నం 12కి. పాతవాళ్లది ముగిసిన క్షణంలోనే కొత్తవాళ్లది మొదలు.

పేపర్_పురుగు:
అంటే ఒకప్పుడు కలిసున్న తేదీలని కావాలనే విడదీశారన్నమాట. గుర్రబ్బండ్ల కాలంలో ప్రయాణానికి నెలలు పట్టేవి కాబట్టి మార్చి, రైళ్లు వచ్చాక జనవరి అని చాలాచోట్ల చదివాను. అదొక్కటే కారణమైతే రెండింటినీ కలిపే జనవరి 3కి తెచ్చేవాళ్లు కదా?

నల్లకోటు:
సరైన చోట పట్టుకున్నారు. ప్రయాణాల సంగతి తేదీలు *ముందుకు* ఎందుకు వచ్చాయో చెబుతుంది. అవి *విడిగా* ఎందుకు ఉన్నాయో దానివల్ల తేలదు.

విడదీసింది ఇందుకు: ప్రెసిడెంట్ ఎన్నికలో ఆఖరి అంకం కాంగ్రెస్ చేతుల్లో ఉంటుంది. ఎలక్టర్ల ఓట్లని తెరిచి లెక్కపెట్టేది రెండు సభల ఉమ్మడి సమావేశం. ఎవరికీ మెజారిటీ రాకపోతే (ఇప్పుడు 538లో 270 కావాలి) 12వ సవరణ ప్రకారం ప్రెసిడెంట్‌ని హౌస్ ఎన్నుకుంటుంది, వైస్ ప్రెసిడెంట్‌ని సెనేట్ ఎన్నుకుంటుంది. హౌస్‌లో అప్పుడు తలా ఒక ఓటు ఉండదు. రాష్ట్రానికి ఒక ఓటు, 26 రాష్ట్రాలు కలిస్తే గెలుపు. కాలిఫోర్నియాకీ ఒకటే, వయోమింగ్‌కీ ఒకటే.

మరి ఆ పని చేసేది ఏ హౌస్? పాత పద్ధతిలో ఇద్దరి పదవులూ మార్చి 4నే మొదలయ్యేవి. ఆ రోజుకి ప్రెసిడెంట్ ఎవరో తేలి ఉండాలి కాబట్టి లెక్కింపు ఫిబ్రవరిలో జరిగేది. ఫిబ్రవరిలో కుర్చీల్లో ఉండేది దిగిపోతున్న కాంగ్రెస్. అంటే నవంబర్‌లో ఓడినవాళ్లు కూడా కూర్చుని దేశానికి ప్రెసిడెంట్‌ని ఎంచవచ్చు.

ఇది ఊహ కాదు. 1801లో జెఫర్సన్‌కీ ఆరన్ బర్‌కీ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. తేల్చాల్సింది ఎదుటి పార్టీ ఫెడరలిస్టుల ఆధిక్యం ఉన్న పాత హౌస్. కొత్తగా ఎన్నికైన హౌస్‌లో జెఫర్సన్ పార్టీదే మెజారిటీ, కానీ దాని పదవి ఇంకా మొదలు కాలేదు. ఫిబ్రవరి 11న ఓటింగ్ మొదలైంది. 16 రాష్ట్రాల్లో 9 కావాలి, జెఫర్సన్‌కి 8 దగ్గర ఆగిపోయింది. 17వ తేదీన, 36వ విడతలో 10 రాష్ట్రాలతో గెలిచాడు. మార్చి 4కి ఇంకా పదిహేను రోజులే. 1825లో జాన్ క్విన్సీ ఆడమ్స్‌ని ఎంచిందీ దిగిపోయే హౌసే.

ఆ తప్పు మళ్లీ జరగకుండా చెయ్యాలంటే కొత్త కాంగ్రెస్ ముందు కూర్చోవాలి, ఓట్లు లెక్కపెట్టాలి, అవసరమైతే ఎన్నుకోవాలి, ఆ తర్వాతే ప్రెసిడెంట్ ఎక్కాలి. అందుకే 3, తర్వాత 6న లెక్కింపు, తర్వాత 20. 17 రోజుల్లో 14 రోజులు లెక్కింపు తర్వాత రాగల తగాదా కోసం ఉంచినవే.

శ్రీకాకుళం_చిన్నోడు:
బాగా అర్థమైంది. జనవరి 6 కూడా రాజ్యాంగంలోనే ఉందా?

నల్లకోటు:
లేదు. 3, 20 రాజ్యాంగంలో ఉన్నాయి. 6 మామూలు చట్టం. 20వ సవరణ వచ్చాక 1934లో చట్టం మార్చి, ఫిబ్రవరి రెండో బుధవారం జరిగే లెక్కింపుని జనవరి 6 మధ్యాహ్నం ఒంటిగంటకి తెచ్చారు. మామూలు చట్టం కాబట్టి వీలుని బట్టి ఆ తేదీని ముందుకో వెనక్కో జరుపుతారు కూడా. 1997లో జనవరి 9న, 2009లో జనవరి 8న, 2013లో జనవరి 4న లెక్కపెట్టారు.

డల్లాస్_దొరబాబు:
ఇంకో చిక్కు ముడి ఉంది, తేదీల_పిచ్చి గారు ఇంకా దాని జోలికి పోలేదు. "లేమ్ డక్ సెషన్" (ఎన్నిక అయ్యాక దిగిపోయే సభ నడిపే సమావేశం) అసలు గొడవ ప్రెసిడెంట్ గురించి కాదు, కాంగ్రెస్ గురించి. దాన్ని వదిలేస్తే సవరణకి అంత పట్టు ఎందుకు పట్టారో తెలియదు.

తేదీల_పిచ్చి:
వస్తున్నానండీ, అదే రాస్తున్నా.

రాజ్యాంగం అసలు పాఠంలో కాంగ్రెస్ ఏటా కనీసం ఒకసారి, డిసెంబర్ మొదటి సోమవారం సమావేశం కావాలని ఉంది. పదవేమో మార్చి 4న మొదలు. ఈ రెండూ కలిపితే ఏమవుతుందో చూడండి. 1930 నవంబర్‌లో గెలిచిన సభ్యుడి పదవి 1931 మార్చి 4న మొదలవుతుంది. ప్రెసిడెంట్ ప్రత్యేకంగా పిలవకపోతే అతను సభలో మొదటిసారి కూర్చునేది 1931 డిసెంబర్‌లో. ఓటరు ఓటేసిన 13 నెలలకి! ఈలోగా 1930 డిసెంబర్ నుంచి 1931 మార్చి దాకా పాత కాంగ్రెస్ తన చివరి విడత నడిపేది. అందులో ఓడినవాళ్లు కూర్చుని చట్టాలు చేసేవాళ్లు.

ఈ చివరి విడతకి ఆఖరి రోజు గట్టిగా ఉండేది, మార్చి 4 మధ్యాహ్నం. అందుకే సెనేట్‌లో గడువు దాకా మాట్లాడుతూ కూర్చుంటే ఏ బిల్లైనా చచ్చిపోయేది. ఆ గడువు దాటకుండా గోడ గడియారం ముల్లుని వెనక్కి తిప్పిన సందర్భాలూ ఉన్నాయి. ఇదొక తతంగం.

నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్ ఈ సవరణ పట్టుకుని పదేళ్లు తిరిగాడు. 1922 నవంబర్‌లో ప్రెసిడెంట్ హార్డింగ్ పార్టీకి ఎదురుదెబ్బ తగిలింది. ఎన్నిక అయిన వెంటనే ఆయన పాత కాంగ్రెస్‌నే పిలిచి ఓడల కంపెనీలకి సబ్సిడీ బిల్లు పాస్ చేయించాలని చూశాడు. హౌస్ దాటింది, సెనేట్‌లో మాట్లాడి మాట్లాడి చంపేశారు. నోరిస్‌కి దారి దొరికింది అక్కడే. 1923 నుంచి సెనేట్ ఈ సవరణని పలుమార్లు ఆమోదించింది, ప్రతిసారీ హౌస్‌లో ఆగింది. హౌస్ పగ్గాలు చేతులు మారాక 1932లో దాటింది. రాష్ట్రాలు మాత్రం ఏడాది కూడా తీసుకోలేదు.

పేపర్_పురుగు:
సవరణ 1933 జనవరిలోనే అయిపోయింది కదా. మరి రూజ్వెల్ట్ 1933 మార్చి 4న ఎందుకు ప్రమాణం చేశాడు?

తేదీల_పిచ్చి:
అయిదో సెక్షన్ వల్ల. తేదీలకి సంబంధించిన మొదటి, రెండో సెక్షన్లు "ఆమోదం తర్వాత వచ్చే అక్టోబర్ 15న" అమల్లోకి వస్తాయని రాశారు. అంటే 1933 అక్టోబర్ 15. కాబట్టి కొత్త లెక్కన మొదటిసారి కాంగ్రెస్ మారింది 1935 జనవరి 3న, ప్రెసిడెంట్ పదవి మొదలైంది 1937 జనవరి 20న. రూజ్వెల్ట్ మొదటి విడత నాలుగేళ్లకి 43 రోజులు తక్కువ. అప్పటి సభ్యులకి రెండు నెలలు కోత.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి వేరే ఉంది. మూడు, నాలుగు సెక్షన్లకి అక్టోబర్ దాకా ఆగే షరతు లేదు. మూడో సెక్షన్ ఏమంటుందంటే, ఎన్నికైన ప్రెసిడెంట్ పదవి మొదలయ్యే లోపు చనిపోతే ఎన్నికైన వైస్ ప్రెసిడెంటే ప్రెసిడెంట్ అవుతాడు. ఇది అమల్లోకి వచ్చింది 1933 జనవరి 23న. ఫిబ్రవరి 8న ఓట్ల లెక్కింపు. ఫిబ్రవరి 15న మయామీలో రూజ్వెల్ట్ మీద కాల్పులు జరిగాయి. ఆయనకి తగల్లేదు, షికాగో మేయర్ సెర్మాక్‌కి తగిలి మార్చి 6న పోయాడు. ఆ గుండు రూజ్వెల్ట్‌కే తగిలి ఉంటే, మూడు వారాల వయసున్న ఆ సెక్షన్ ప్రకారం మార్చి 4న జాన్ గార్నర్ ప్రెసిడెంట్ అయ్యేవాడు.

ఇక ఆ నాలుగు నెలల విరామం ఎంత పెద్ద బెడదో ఆ చలికాలమే చూపించింది. ఫిబ్రవరి 14న మిషిగన్ గవర్నర్ రాష్ట్రంలో బ్యాంకులన్నీ మూసేశాడు. అది మిగతా రాష్ట్రాలకి పాకింది. దిగిపోయే ప్రెసిడెంట్ హూవర్‌కి చెయ్యడానికి బలం లేదు, రూజ్వెల్ట్‌కి అధికారం లేదు. 1860-61లోనూ ఇంతే. లింకన్ నవంబర్ 6న గెలిచాడు, మార్చి 4న గద్దెనెక్కే లోపు దక్షిణ కరోలినా మొదలుకుని టెక్సస్ దాకా ఏడు రాష్ట్రాలు యూనియన్ వదిలిపోయాయి.

నల్లకోటు:
పాత పద్ధతిలో ఇంకో పెద్ద కన్నం ఉండేది, ఎవరూ పెద్దగా చెప్పరు. మార్చి 4న కొత్త హౌస్ పదవి మొదలవుతుంది, కానీ డిసెంబర్ దాకా అది కూర్చోదు. అంటే స్పీకర్ ఉండడు. కేబినెట్‌ని ఖరారు చెయ్యడానికి సెనేట్ మాత్రం మార్చి 4న విడిగా కొన్నాళ్లు సమావేశమయ్యేది. 1881 సెప్టెంబర్ 19న గార్ఫీల్డ్ చనిపోయి ఆర్థర్ ప్రెసిడెంట్ అయ్యాడు. ఆ క్షణానికి స్పీకర్ లేడు, సెనేట్‌కి ప్రో టెం అధ్యక్షుడూ (వైస్ ప్రెసిడెంట్ లేనప్పుడు సభ నడిపేవాడు) లేడు. అప్పటి వారసత్వ చట్టం ప్రకారం ఆర్థర్ తర్వాత వరుసలో ఎవరూ లేరు! అందుకే 1886లో చట్టం మార్చి కేబినెట్ మంత్రులని వరుసలో పెట్టారు. 1947 చట్టం మళ్లీ స్పీకర్‌ని ముందుకు తెచ్చింది. ఇప్పుడది ఎందుకు పనిచేస్తుందంటే, జనవరి 20 మధ్యాహ్నానికి 17 రోజుల ముందే కొత్త హౌస్, కొత్త స్పీకర్ సిద్ధంగా ఉంటారు. ప్రెసిడెంట్ తేలలేదు, వైస్ ప్రెసిడెంటూ తేలలేదు అనుకోండి, స్పీకర్ తన రెండు పదవులకీ రాజీనామా చేసి తాత్కాలికంగా ప్రెసిడెంట్ పని చూస్తాడు.

శ్రీకాకుళం_చిన్నోడు:
మరి ఆ 17 రోజులు పాత ప్రెసిడెంట్, కొత్త కాంగ్రెస్ కలిసి ఉంటాయి కదా. ఏదైనా తికమక రాదా?

డల్లాస్_దొరబాబు:
వస్తుంది, కొన్ని భలే ఉంటాయి.

2001 చూడండి. కొత్త సెనేట్‌లో 50-50. సమానమైతే నిర్ణాయక ఓటు వైస్ ప్రెసిడెంట్‌ది. జనవరి 3 నుంచి 20 మధ్యాహ్నం దాకా వైస్ ప్రెసిడెంట్ ఇంకా అల్ గోరే. కాబట్టి ఆ 17 రోజులు డెమొక్రాట్లే మెజారిటీ పక్షం, టామ్ డాష్‌లే మెజారిటీ లీడర్. 20న డిక్ చేనీ రాగానే మెజారిటీ రిపబ్లికన్లకి మారింది. ప్రో టెం పదవి కూడా రాబర్ట్ బర్డ్ నుంచి స్ట్రామ్ థర్మండ్‌కి పోయింది. ఒక్క సభ్యుడూ మారకుండానే! తర్వాత జూన్‌లో రిపబ్లికన్ సెనేటర్ జెఫర్డ్స్ తన పార్టీ వదిలెయ్యడంతో మళ్లీ తిరగబడింది, అది వేరే కథ.

బిల్లుల సంగతి. పాత కాంగ్రెస్ డిసెంబర్ చివర్లో పాస్ చేసిన బిల్లు మీద సంతకానికి ప్రెసిడెంట్‌కి ఆదివారాలు కాకుండా 10 రోజులుంటాయి. ఈలోగా జనవరి 3 దాటి ఆ కాంగ్రెస్ ముగిసిపోయినా సంతకం చెల్లుతుంది. సోషల్ సెక్యూరిటీ ఫెయిర్‌నెస్ యాక్ట్ అలాంటిదే. 118వ కాంగ్రెస్ 2024 డిసెంబర్‌లో పాస్ చేసింది, బైడెన్ సంతకం పెట్టింది 2025 జనవరి 5న. అప్పటికి 119వ కాంగ్రెస్ కూర్చుని రెండు రోజులైంది. సంతకం పెట్టకుండా వదిలేస్తే మాత్రం బిల్లు పోయినట్టే. వెనక్కి పంపడానికి ఆ కాంగ్రెస్ ఉండదు కాబట్టి దాన్ని తోసిపుచ్చి మళ్లీ పాస్ చేసే అవకాశమూ ఉండదు.

కేబినెట్‌కి మాత్రం ఈ విరామం వరం. కాబోయే ప్రెసిడెంట్ 20 మధ్యాహ్నం దాకా అధికారికంగా ఎవరినీ నామినేట్ చెయ్యలేడు. కానీ సెనేట్ కమిటీలు ముందే పిలిచి ప్రశ్నలన్నీ అడిగేస్తాయి. 20 సాయంత్రం సభలో ఓటు మాత్రమే మిగులుతుంది. 2025లో విదేశాంగ మంత్రిగా మార్కో రూబియో అదే రోజు 99-0తో ఖరారయ్యాడు.

ఒకే మనిషి రెండు తేదీల మధ్య పడిన సందర్భమూ ఉంది. 2008లో బైడెన్ వైస్ ప్రెసిడెంట్‌గానూ, డెలవేర్ సెనేటర్‌గానూ ఒకేసారి గెలిచాడు. సెనేట్ పదవి ముందు మొదలవుతుంది కాబట్టి జనవరి 6న సెనేటర్‌గా ప్రమాణం చేసి, 15న రాజీనామా చేసి, 20న వైస్ ప్రెసిడెంట్ అయ్యాడు.

పేపర్_పురుగు:
ఆగండి. పదవి 3న మొదలైతే ప్రమాణం 6న ఏమిటి?

నల్లకోటు:
పదవీకాలం వేరు, సమావేశం మొదటి రోజు వేరు. మొదటి సెక్షన్ పదవీకాలాన్ని బిగిస్తుంది, దాన్ని చట్టంతో కదపలేరు. రెండో సెక్షన్ సమావేశం గురించి: "జనవరి 3 మధ్యాహ్నం, చట్టం ద్వారా వేరే రోజు పెట్టుకుంటే తప్ప." 2009లో వేరే రోజు పెట్టుకున్నారు. ఆ మూడు రోజులూ సభ్యుల పదవి నడుస్తూనే ఉంది.

ప్రెసిడెంట్‌కీ అంతే, గడియారం ముఖ్యం. జనవరి 20 ఆదివారమైతే ఆ రోజే లోపల చిన్న ప్రమాణం, మర్నాడు బయట అందరి ముందు మరోసారి. 1957, 1985, 2013లో అలాగే చేశారు. పదవి మాత్రం ఆదివారం మధ్యాహ్నం 12కే మొదలు. 1849లో మార్చి 4 ఆదివారమై టేలర్ సోమవారం ప్రమాణం చేశాడు. ఆ ఒక్క రోజూ సెనేటర్ అచిసన్ ప్రెసిడెంట్‌గా ఉన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిలబడదు. టేలర్ పదవి మొదలయ్యే ఉంది, పైగా అచిసన్ సెనేట్ పదవి కూడా అదే వేళకి ముగిసింది.

అమరావతి_గ్యాలరీ:
మన దగ్గర లెక్క పూర్తిగా తిరగేసి ఉంటుంది కాబట్టి పక్కన పెట్టి చూస్తే బాగుంటుంది. 172వ అధికరణం ప్రకారం అసెంబ్లీకి అయిదేళ్లు మొదటి సమావేశానికి నిర్ణయించిన తేదీ నుంచి. లోక్‌సభకి 83వ అధికరణంలో అదే మాట. ముఖ్యమంత్రికి అసలు పదవీకాలమే లేదు, సభలో బలం ఉన్నంత కాలం ఉంటాడు. కాబట్టి ఇక్కడ కార్యనిర్వాహకులు ముందు ఎక్కుతారు, సభ తర్వాత కూర్చుంటుంది.

ఆంధ్రప్రదేశ్: 2019లో జగన్ ప్రమాణం మే 30, అసెంబ్లీ మొదటి సమావేశం జూన్ 12. 2024లో చంద్రబాబు ప్రమాణం జూన్ 12, అసెంబ్లీ జూన్ 21. విభజన తర్వాత మొదటి సభ 2014 జూన్ 19న కూర్చుంది. అంటే తేదీ 19, 12, 21 అంటూ జరుగుతూ ఉంది.

తెలంగాణలో ఇది ఇంకా స్పష్టం. 2018లో కేసీఆర్ ప్రమాణం డిసెంబర్ 13, అసెంబ్లీ మొదటిసారి కూర్చున్నది 2019 జనవరి 17. మధ్యలో 35 రోజులు. 2023లో రేవంత్ రెడ్డి ప్రమాణం డిసెంబర్ 7, అసెంబ్లీ 9న. రెండు రోజులే. రెండూ చెల్లుతాయి, ఎందుకంటే ప్రజాప్రాతినిధ్య చట్టం 73వ సెక్షన్ కింద ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇచ్చిన రోజే సభ ఏర్పడినట్టు. కూర్చోవడం ఎప్పుడైనా, అయిదేళ్ల గడియారం మాత్రం కూర్చున్న రోజు నుంచే. అందుకే పాత తెలంగాణ సభ గడువు 2024 జనవరి 16 దాకా ఉండేది.

శ్రీకాకుళం_చిన్నోడు:
మరి మన రాష్ట్రపతి జూలై 25? అది ఏ ఎన్నికకీ కలవదు.

అమరావతి_గ్యాలరీ:
అది మన తెలుగాయన తేదీ. 1977 ఫిబ్రవరి 11న ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ పదవిలో ఉండగానే పోయారు. బి.డి. జత్తి తాత్కాలికంగా చూశారు. ఎన్నిక జరిగి నీలం సంజీవరెడ్డి 1977 జూలై 25న ప్రమాణం చేశారు. 56వ అధికరణం ప్రకారం అయిదేళ్లు బాధ్యత తీసుకున్న రోజు నుంచి. ఆ తర్వాత ప్రతి రాష్ట్రపతీ అయిదేళ్లు నిండా ఉండడంతో జైల్ సింగ్ నుంచి ముర్ము దాకా అదే తేదీ వచ్చింది. రాజ్యాంగంలో జూలై 25 ఎక్కడా లేదు. ఎవరైనా మధ్యలో తప్పుకుంటే మారిపోతుంది. ఉపరాష్ట్రపతికి ఈమధ్యే అలా జరిగింది. 2007 నుంచి ఆగస్టు 11గా నడిచింది, వెంకయ్యనాయుడు గారిది కూడా 2017లో అదే రోజు. 2025 జూలైలో ధన్‌ఖడ్ రాజీనామాతో కొత్తగా వచ్చిన సి.పి. రాధాకృష్ణన్ సెప్టెంబర్ 12న ప్రమాణం చేశారు. ఇక అక్కడ్నించి అయిదేళ్లు.

నల్లకోటు:
తేడా మొత్తం ఇక్కడే ఉంది. మన పద్ధతిలో మధ్యలో వచ్చినవారికి కొత్త నిండు పదవీకాలం (ఉపరాష్ట్రపతికి 68వ అధికరణం, రాష్ట్రపతికి 62). అమెరికాలో మిగిలిన ముక్క మాత్రమే. కెనెడీ 1963 నవంబర్ 22న పోతే జాన్సన్‌కి వచ్చింది 1965 జనవరి 20 దాకా. అందుకే అక్కడ తేదీ ఎన్నటికీ జరగదు. ఇద్దరి తేదీల మధ్య దూరమూ జరగదు.

నిర్వాహకుడు:
జమిలి ఎన్నికల బిల్లు మీద వచ్చిన మూడు వ్యాఖ్యలు వేరే చర్చకి తరలించాను. ఇక్కడ తేదీల సంగతే ఉండనివ్వండి.

డల్లాస్_దొరబాబు:
అమెరికాలో ఉన్న మనవాళ్లకి పనికొచ్చేది: రాష్ట్రాల్లోనూ ఇదే వరస కనిపిస్తుంది. టెక్సస్‌లో శాసనసభ బేసి సంవత్సరం జనవరి రెండో మంగళవారం కూర్చుంటుంది. అది స్పీకర్‌ని ఎన్నుకుని కుదురుకున్నాక వచ్చే మంగళవారం గవర్నర్ ప్రమాణం. 2023లో 10, 17 తేదీలు. కారణం టెక్సస్ రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే ఉంది. గవర్నర్ ఎన్నిక ఫలితాల కవర్లు స్పీకర్ చేతికి వస్తాయి, రెండు సభల ముందు తెరుస్తారు, ఓట్లు సమానమైతే సభలే ఎన్నుకుంటాయి. కాబట్టి సభ ముందు ఉండి తీరాలి.

మేరీలాండ్‌లో జనరల్ అసెంబ్లీకి జనవరి రెండో బుధవారం, గవర్నర్‌కి మూడో బుధవారం. 2023లో 11న సభ, 18న వెస్ మూర్‌తో పాటు హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ప్రమాణం చేశారు. న్యూజెర్సీలో శాసనసభకి రెండో మంగళవారం, గవర్నర్‌కి మూడో మంగళవారం. వర్జీనియాలో సభ రెండో బుధవారం, గవర్నర్ ఆ వారమే శనివారం. కాలిఫోర్నియాలో ఏకంగా నెల ముందు: 2018 డిసెంబర్ 3న సభ, 2019 జనవరి 7న గవర్నర్.

సభ చేతిలో నిజంగా పడిన సందర్భం జార్జియాది. 1966 గవర్నర్ ఎన్నికలో ఎవరికీ మెజారిటీ రాలేదు. 1967 జనవరి 10న కొత్త శాసనసభ లెస్టర్ మాడక్స్‌ని ఎన్నుకుంది. ప్రజల ఓట్లలో ఆయన రెండో స్థానంలో ఉన్నాడు.

పేపర్_పురుగు:
సరే, 17 రోజులు చాలతాయా? కొత్త హౌస్ కూర్చోవడమే ఆలస్యమైతే?

నల్లకోటు:
అసలైన బలహీనత అదే. సెనేట్‌లో మూడింట రెండు వంతుల మంది ఎప్పుడూ కొనసాగుతారు, దానికి ఇబ్బంది లేదు. హౌస్ మాత్రం ప్రతి రెండేళ్లకీ మొత్తం కొత్తది. వరస ఇలా ఉంటుంది: పాత హౌస్ క్లర్క్ సభని పిలుస్తాడు, హాజరు తీసుకుంటారు, స్పీకర్ ఎన్నిక, అందరికంటే ఎక్కువ కాలం నుంచి ఉన్న సభ్యుడు స్పీకర్‌చేత ప్రమాణం చేయిస్తాడు, స్పీకర్ మిగతావారిచేత చేయిస్తాడు, ఆ తర్వాత నియమాలు ఆమోదిస్తారు. స్పీకర్ తేలకపోతే అన్నీ ఆగిపోతాయి.

2023లో కెవిన్ మెకార్థీ స్పీకర్ కావడానికి 15 విడతల ఓటింగ్ పట్టింది. జనవరి 3న మొదలై, 6 అర్ధరాత్రి దాటి 7 వచ్చాక తేలింది. అంటే జనవరి 6 ఒంటిగంటకి ప్రమాణం చేసిన సభ్యుడు ఒక్కడూ లేడు. అది ప్రెసిడెంట్ ఎన్నిక ఏడాది కాదు కాబట్టి సరిపోయింది. అదే 2025లో జరిగి ఉంటే ఉమ్మడి సమావేశం సమయానికి మొదలయ్యేది కాదు. తేదీ జరపాలంటే చట్టం కావాలి, చట్టానికి హౌస్ కావాలి. ఒక దారి ఉంది: మెజారిటీ లేకపోయినా ఎక్కువ ఓట్లు వచ్చినవారే స్పీకర్ అని హౌస్ తీర్మానించుకోవచ్చు. 1849లో 63 విడతల దగ్గరా, 1856లో 133 విడతల దగ్గరా అలాగే తేల్చుకున్నారు.

లెక్కింపులో అభ్యంతరాలు ఇంకో ఆలస్యం. ఒక్కో రాష్ట్రం మీద అభ్యంతరానికి సభలు విడిపోయి రెండు గంటల దాకా చర్చించాలి. 2021లో అరిజోనా, పెన్సిల్వేనియాల మీద మాత్రమే చర్చ జరిగింది. కాపిటల్ భవనం మీద దాడి వల్ల ఆగి 7న తెల్లవారుజామున మూడున్నర దాటాక ముగిసింది. అప్పట్లో ఒక సెనేటర్, ఒక ప్రతినిధి సంతకం చేస్తే అభ్యంతరం చర్చకి వచ్చేది. 2022 చట్టంతో ప్రతి సభలోనూ అయిదో వంతు మంది కావాలి. నా ఉద్దేశంలో 14 రోజులు చాలు, లెక్కింపుకి ముందున్న మూడు రోజులే మరీ ఇరుకు. తేదీని జనవరి 8కో 9కో జరిపినా రాజ్యాంగానికి ఏమీ కాదు.

తేదీల_పిచ్చి:
ఒప్పుకోను. మూడు రోజులు ఇరుకైతే జనవరి 6ని కదపడం కంటే స్పీకర్ ఎన్నిక నియమాన్ని మార్చడం తేలిక. 1801లో హౌస్‌కి వారం పట్టింది 16 రాష్ట్రాలతో. ఇప్పుడు 50. వెనక ఉన్న 14 రోజుల్లోంచి ఒక్కటి కూడా తియ్యకూడదు.

శ్రీకాకుళం_చిన్నోడు:
వచ్చే ఎన్నికకి ఈ తేదీలన్నీ ఎలా పడతాయో ఎవరైనా వరసగా చెబుతారా?

తేదీల_పిచ్చి:
పోలింగ్ 2028 నవంబర్ 7. ఎలక్టర్లు ఓటేసేది డిసెంబర్ రెండో బుధవారం తర్వాత వచ్చే మంగళవారం, అంటే డిసెంబర్ 19. దానికి ఆరు రోజుల ముందు, 13 లోపు, ప్రతి రాష్ట్రమూ తన ఎలక్టర్ల పేర్లు ఖరారు చేసి పత్రం ఇవ్వాలి. ఎలక్టర్ల ఓట్ల పత్రాలు వాషింగ్టన్ చేరడానికి గడువు నాలుగో బుధవారం, 27. కొత్త కాంగ్రెస్ పదవి 2029 జనవరి 3 బుధవారం మధ్యాహ్నం 12కి. లెక్కింపు 6 శనివారం ఒంటిగంటకి, చట్టంతో జరపకపోతే. ప్రెసిడెంట్ 20 శనివారం మధ్యాహ్నం 12కి. 20 ఆదివారమయ్యేది మళ్లీ 2041లోనే. ఆ ఏడు 6 కూడా ఆదివారమే అవుతుంది కాబట్టి లెక్కింపు తేదీని ముందుగానే జరుపుకోవాల్సి వస్తుంది.